మాల్టు మాష్‌లో రాబడి తగ్గుతోంది: లోపం పిండి మారడంలో ఉందా, వార్చడంలో ఉందా?

ప్రశ్న (లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న తరువాత, ఏడాదిన్నరగా ఇంట్లో బార్లీ మాల్టుతో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో, పాకం కాస్తున్నాను. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం కాబట్టి ఈస్టు జోలికి పోను. మాష్ చేసి, అంటే మాల్టు రవ్వను వేడి నీళ్లలో నానబెట్టి, వచ్చిన తియ్యటి ద్రవమైన వర్ట్‌ను పాకం అయ్యేదాకా మరిగించి సీసాల్లో పోస్తాను. మనవలకు పాలలో కలిపి ఇస్తాము, రొట్టెల పిండిలో వాడుతాము. అయితే మరిగించే ముందు వరకు జరిగే పని అంతా ఇంట్లో బీరు కాచేవారు చేసేదే కనుక, ఈ సందేహం వారికీ పనికివస్తుందని అనుకుంటున్నాను.

నా పద్ధతి ఇది. 5 కిలోల లేత రంగు బార్లీ మాల్టును మా వీధి చివరనున్న పిండి మరలో రవ్వగా పట్టిస్తాను. 15 లీటర్ల వేడి నీళ్లలో కలిపి, వేడి పోకుండా ఉండే పాతిక లీటర్ల డబ్బాలో 66 డిగ్రీల దగ్గర గంటసేపు మూత పెట్టి ఉంచుతాను. డబ్బా అడుగున జల్లి ఉంది, దాని మీదుగా వార్చుకుంటాను. తరువాత 75 డిగ్రీల నీళ్లు 12 లీటర్లు ఒకేసారి పోసి, కలియబెట్టి, మళ్లీ వారుస్తాను. మొత్తం 22 లీటర్లు వస్తుంది. గది ఉష్ణోగ్రతకు, అంటే ఈ రోజుల్లో 32 డిగ్రీలకు, చల్లారిన వర్ట్‌లో హైడ్రోమీటరు (ద్రవం సాంద్రతను కొలిచే సాధనం) 1.046 చూపిస్తోంది. హైడ్రోమీటరు కాగితం మీద 20 డిగ్రీలు అని రాసి ఉంది.

మాల్టు పట్టీలో ఎక్స్‌ట్రాక్ట్ (కరిగి వచ్చే పదార్థం) 80 శాతం, తేమ 4 శాతం అని ఉంది. ఆ లెక్కన నాకు 69 శాతమే దక్కుతోంది. గంట తరువాత అయోడిన్ చుక్క వేసి చూస్తే నీలం రంగు రావడం లేదు, అంటే పిండి మొత్తం చక్కెరగా మారినట్టే కదా. మరి మిగిలిన 31 శాతం ఎక్కడికి పోతోంది? కడిగే నీళ్లు ఇంకా ఎక్కువ పోయాలా? ఎక్కువ పోస్తే ఆ నీళ్లన్నీ మళ్లీ ఆవిరి చేయడానికి గ్యాసు ఖర్చవుతుంది కనుక అది చేయడానికి వెనకాడుతున్నాను.

జవాబు (ఎం.వి.పి. కాలనీ)

నేను కెమికల్ ఇంజనీరింగ్ పాఠం చెప్పే వృత్తిలో ఉన్నాను. మీ లెక్క పద్ధతి సరైనదే కానీ, అందులోకి వెళ్లిన అంకెలను ముందు సరిచూడాలి. రాబడి ఎందుకు తగ్గిందని వెతకడానికి ముందు అది నిజంగా ఎంత ఉందో తెలియాలి కదా.

చదివేవారందరికీ లెక్క అర్థం కావడానికి మొదటి నుంచి చెబుతాను. ఒక కిలో పంచదారను నీటిలో కరిగించి ఒక లీటరు ద్రావణం చేస్తే, దాని సాంద్రత నీటి కంటే 384 పాయింట్లు ఎక్కువగా ఉంటుంది. 1.046 అంటే 46 పాయింట్లు అన్నమాట. మాల్టులో 4 శాతం తేమ పోగా మిగిలిన దానిలో 80 శాతం కరిగేదైతే, కిలోకు 0.768 వంతు కరుగుతుంది. 384ను దానితో హెచ్చిస్తే కిలోకు 295 వస్తుంది. 5 కిలోలకు 1475. మీరు రాబట్టింది 22 లీటర్లు, లీటరుకు 46 పాయింట్లు, అంటే 1012. మీరు చెప్పిన 69 శాతం ఇలా వచ్చింది.

ఇప్పుడు మొదటి సవరణ. 20 డిగ్రీలకు గీతలు గీసిన హైడ్రోమీటరును 32 డిగ్రీల ద్రావణంలో వేస్తే, వేడికి ద్రవం వ్యాకోచించి పలచబడుతుంది కాబట్టి, అది సుమారు 3 పాయింట్లు తక్కువ చూపిస్తుంది. చలి దేశాల్లో ఇళ్లు 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి కనుక అక్కడివారు రాసిన వాటిలో ఈ మాటను ఒక వాక్యంలో ముగిస్తారు. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు ఈ తేడా మన వెంటే ఉంటుంది. మీ అసలు రీడింగు 1.049. ఇంకొక మాట: ఎవరైనా వేడి వేడి వర్ట్‌లోనే హైడ్రోమీటరు వేసి పట్టికతో సవరించుకోవచ్చు అంటే వినకండి. 60 డిగ్రీల దగ్గర సవరణ 15 పాయింట్ల దాకా పోతుంది, అంత పెద్ద సవరణలో చిన్న పొరపాటు కూడా ఫలితాన్ని పాడుచేస్తుంది.

రెండవది దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. 22 లీటర్లు మీరు ఎప్పుడు కొలిచారు? వార్చిన వెంటనే, 75 డిగ్రీల దగ్గర కొలిచి ఉంటే, చల్లారాక అది 2 శాతం తగ్గి 21.5 లీటర్లు అవుతుంది. రెండు సవరణలూ కలిపితే 21.5 గుణించు 49, అంటే 1053. దానిని 1475తో భాగిస్తే 71 శాతం. అంకె పెద్దగా మారలేదు, కానీ ఇప్పుడు దానిని నమ్మవచ్చు.

ఇక అసలు విషయం. మీ 71 శాతం లాంటి, మాష్ ఎఫిషియెన్సీ అని అందరూ చెప్పే ఆ ఒక్క అంకె నిజానికి రెండు అంకెల లబ్ధం. గింజలోని పిండిలో ఎంత భాగం కరిగి ద్రావణంలోకి వచ్చింది అన్నది మొదటిది. అలా కరిగినదానిలో ఎంత భాగం డబ్బాలో నుంచి బయటికి, మీ గిన్నెలోకి చేరింది అన్నది రెండవది. మొదటిది మార్పు, రెండవది వార్పు అనుకుందాము. రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు. లబ్ధం ఒక్కటే చూస్తూ ఉన్నంతకాలం, నీళ్లు పెంచాలా, మరను మార్చాలా అన్నది ఊహగానమే అవుతుంది. బీరు కాచేవారు ఆ తరువాత గొట్టాల్లోనూ అడుగు మడ్డిలోనూ పోయేదాన్ని కూడా తీసివేసి బ్రూహౌస్ ఎఫిషియెన్సీ అని ఇంకొక అంకె చెబుతారు. చర్చల్లో ఒకరు ఒకటి, మరొకరు మరొకటి పోల్చుకుని బాధపడుతూ ఉంటారు. మీకు దానితో పని లేదు.

రెండింటినీ విడదీయడానికి ఒక్క కొలత చాలు. కడిగే నీళ్లు పోయక ముందు, మొదటిసారి వార్చిన ద్రావణాన్ని, అంటే తొలి తీతను, చల్లార్చి ఎప్పుడైనా కొలిచారా?

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, చాలా కృతజ్ఞతలు. 22 లీటర్లూ వేడిగా ఉన్నప్పుడే కొలిచాను, మీరు ఊహించినది నిజమే. తొలి తీతను కిందటిసారి కుతూహలం కొద్దీ చూసి పుస్తకంలో రాసుకున్నాను: 32 డిగ్రీల దగ్గర 1.071. దానిని ఏం చేసుకోవాలో తెలియక వదిలేశాను.

జవాబు (ఎం.వి.పి. కాలనీ)

సవరిస్తే 1.074, అంటే బరువు లెక్కన సుమారు 18 శాతం కరిగిన పదార్థం. కిలో మాల్టుకు 3 లీటర్ల నీళ్లు పోశారు. పిండి మొత్తం కరిగి ఉంటే, కిలోకు 0.768 కిలోల పదార్థం 3 కిలోల నీటిలో చేరి, 0.768ను 3.768తో భాగించినట్టు 20.4 శాతం, అంటే 1.085 దగ్గర ఉండాలి. మీది 18 శాతమే ఉంది కనుక, వెనక్కి లెక్కవేస్తే కిలోకు 0.66 కిలోలు మాత్రమే కరిగింది. అది 86 శాతం. మొత్తం 71ని 86తో భాగిస్తే వార్పు 83 శాతం అని తేలుతుంది.

ఒకసారి నీళ్లు పోసి కడిగే పద్ధతిలో 83 అన్నది సహజమే. కిలో మాల్టుకు పొట్టు ఇంచుమించు లీటరు నీళ్లు పట్టి ఉంచుతుంది, జల్లి కింద మరికొంత ఆగిపోతుంది. మీ డబ్బాలో ప్రతిసారీ 7 లీటర్ల దాకా మిగిలిపోతున్నట్టు లెక్క చెబుతోంది. కానీ మార్పు 86 దగ్గర ఆగడం సహజం కాదు, అది 95 దాటాలి. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: కడిగే నీళ్లు పెంచవద్దు. కరగని పిండిని ఎన్ని నీళ్లతో కడిగినా రాదు, గ్యాసు మాత్రం ఖర్చవుతుంది.

జవాబు (టెక్సస్ నుంచి, స్వస్థలం గాజువాక)

నేను పన్నెండేళ్లుగా ఇక్కడ ఇంట్లో బీరు కాస్తున్నాను. ఇక్కడ 1978లో చేసిన కేంద్ర చట్టం వల్ల పెద్దవారు ఇద్దరున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల వరకు సొంతానికి కాచుకోవచ్చు. పై మాస్టారి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను, అయితే మార్పు 86 దగ్గర ఎందుకు ఆగిందో నా అనుభవంతో చెబుతాను.

నా అనుమానం మొదట మర మీదనే. అయోడిన్ పరీక్ష మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. పైన తేరిన ద్రావణం చుక్కకు నీలం రాలేదంటే, ద్రావణంలోకి వచ్చిన పిండి మారిందని మాత్రమే అర్థం. పగలని గింజ లోపల, పెద్ద ముక్కల నడిమధ్యన, నీరు ఇంకా చేరని పిండి ఆ చుక్కకు కనిపించదు. ఈసారి అడుగు నుంచి నాలుగు ముక్కలు తీసి, చెంచాతో నలిపి, వాటి మీద చుక్క వేయండి. నల్లగా మారితే దొంగ దొరికినట్టే.

పిండి మరలో రెండు రాళ్ల మధ్య గింజ నలుగుతుంది. మెత్తగా పట్టిస్తే పొట్టు చీలికలై, వార్చేటప్పుడు జల్లిని మూసేస్తుంది. బరకగా పట్టిస్తే గింజల్లో కొన్ని నలగకుండానే దాటిపోతాయి. మాకు ఇక్కడ రెండు రోలర్ల మర ఉంటుంది, దాని సందు 0.9 నుంచి 1 మిల్లీమీటరు మధ్య పెట్టుకుంటాము. గింజ పగిలి, పొట్టు మాత్రం రెండు మూడు రేకులుగా నిలవాలి, ఎందుకంటే ఆ పొట్టే వడపోత పరుపు. రోలరు మర దొరకకపోతే, పట్టించే ముందు 5 కిలోల మాల్టు మీద 100 మిల్లీలీటర్ల నీళ్లు చిలకరించి పదిహేను నిమిషాలు కలుపుతూ ఉంచండి. పొట్టు మెత్తబడి సాగుతుంది, లోపలి పలుకు మాత్రం పొడిగానే ఉంటుంది. అప్పుడు మరను ఇంకొంచెం దగ్గరగా పెట్టించినా పొట్టు చీలిపోదు. పట్టించిన తరువాత ఒక గుప్పెడు తెల్ల కాగితం మీద పరిచి పూర్తి గింజలను ఏరి లెక్కపెట్టుకునే అలవాటు చేసుకుంటే, తేడా చేసిన రోజు ముందే తెలుస్తుంది. నేను ఇప్పటికీ ప్రతిసారీ అదే చేస్తాను.

రెండవది కలపడం. పిండి ఉండకట్టిందంటే ఆ ఉండ నడుమ పొడి గంట తరువాత కూడా పొడిగానే ఉంటుంది. నీళ్లలో మాల్టును కొంచెం కొంచెంగా పోస్తూ, ఉప్మాకు రవ్వ పోసినప్పుడు కలిపినంత శ్రద్ధగా కలపండి, తరువాత ఇరవై నిమిషాలకు ఒకసారి మూత తీసి తిరగేయండి. ఒకటి రెండు డిగ్రీల వేడి తగ్గినా నష్టం లేదు. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు రెండింటిలో బీటా అమైలేజ్ 60 నుంచి 65 డిగ్రీల మధ్య చురుకుగా ఉంటుంది, ఆల్ఫా 70 దాటినా పనిచేస్తుంది. మీ 66 రెండింటికీ సరిపోతుంది. గంటకు బదులు గంటన్నర ఉంచి చూడండి.

మూడవది నీరు. మున్సిపల్ కుళాయి నీళ్లా, బోరు నీళ్లా? నా చిన్నప్పుడు మా ఇంటి బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొలుసు కట్టేది. ఆ పొలుసు బైకార్బొనేట్లకు గుర్తు, అవి మాష్ పీహెచ్‌ను పైకి నెడతాయి. ఎంజైములకు 5.2 నుంచి 5.6 మధ్య అనుకూలం. అలాంటి నీళ్లయితే ముందురోజు పావుగంట మరిగించి, చల్లారనిచ్చి, పైన తేరిన నీరు మాత్రం వంచుకోండి.

వార్పు గురించి ఒక్క మాట చెబుతాను. అవే 12 లీటర్లను ఒకేసారి పోయకుండా 6 చొప్పున రెండు సార్లు పోసి వార్చండి. 7 లీటర్లు మిగిలే డబ్బాలో, ఒకసారి కడిగితే 85 వరకు రావలసినది రెండు సార్లు కడిగితే 88 వస్తుంది. ఒక్క చుక్క నీరు, ఒక్క నిమిషం గ్యాసు ఎక్కువ కాదు.

జవాబు (గోపాలపట్నం)

నమస్కారం. నాకు బార్లీ అనుభవం తక్కువ. మా అత్తగారి కాలం నుంచి చోళ్లు, అంటే రాగులు, నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి, మాల్టు పిండి చేసి అమ్ముతున్నాము. పెద్దలిద్దరూ చెప్పని విషయం ఒకటి నాకు తోచింది, అది తేమ.

బాబాయి గారూ, మాల్టు పట్టీ మీద ఉన్న 4 శాతం తేమ అన్నది అది తయారైన చోట, సంచి మూసిన రోజున నిజం. మీరు సంచి విప్పి ఎన్ని నెలలైంది? సముద్రానికి అంత దగ్గర ఇంట్లో, వానాకాలం గాలిలో, మొలకగట్టి ఎండబెట్టిన గింజ గోనెసంచిలో ఉంటే తేమను పీల్చేసుకుంటుంది. మా చోళ్లు మరకు తీసుకెళ్లే ముందు పంటి కింద వేసి చూస్తాము. టక్కున విరగాలి. మెత్తగా నలిగితే మళ్లీ ఎండలో వేస్తాము, లేదంటే మరలో పలుకు పగలకుండా అణిగిపోతుంది. పైన సోదరుడు చెప్పిన నీళ్లు చిలకరించడం పొట్టుకు మాత్రమే తగిలే తడి కనుక మంచిదే. నేను చెప్పేది నెలల తరబడి పలుకు లోపలికి చేరిన తేమ, దాని స్వభావం వేరు.

ఇది లెక్కను కూడా మారుస్తుందని నా ఉద్దేశం. 5 కిలోలు తూచామంటే అందులో నీరు కూడా తూచినట్టే కదా. 100 గ్రాములు మెత్తగా పొడి చేసి, పలచగా పరిచి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచి మళ్లీ తూచండి. ఎంత తగ్గితే అంత తేమ. ఇకపైన సంచి విప్పిన రోజునే బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలకు మార్చుకోండి.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తరువాత)

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చెప్పినవి ఒక్కొక్కటే చేసి చూశాను, వాటి ఫలితాలు ఇక్కడ రాస్తున్నాను.

గోపాలపట్నం అమ్మాయి మాట మొదట. నా సంచి విప్పి ఐదు నెలలైంది. ఓవెన్‌లో పెట్టిన 100 గ్రాములు 92 అయింది. అంటే తేమ 4 కాదు, 8 శాతం. మాస్టారి పద్ధతిలో మళ్లీ లెక్క వేస్తే కిలోకు 295 కాదు, 283. ఐదు కిలోలకు 1413. నా పాత 71 శాతం అలా 75 అయింది, మార్పు కూడా 86 నుంచి 89కి చేరింది. లేని సరుకును ఉన్నట్టు లెక్కపెట్టి, అది పోయిందని ఇన్నాళ్లు వెతికాను.

తరువాత అడుగు ముక్కలను నలిపి అయోడిన్ వేశాను. సగానికి సగం నల్లబడ్డాయి. మిగిలిన మాల్టును ఎండలో ఒక పూట వేసి, డబ్బాల్లో మూసిపెట్టాను. పరీక్ష సరిగా ఉండాలని తేమ మళ్లీ కొలవకుండా 8 శాతమే అనుకుని లెక్క వేద్దామనుకున్నాను కానీ, మనసొప్పక మళ్లీ ఓవెన్‌లో పెట్టి చూశాను. ఒక పూట ఎండకు లోపలి తేమ పోలేదు, అదే 92 వచ్చింది. నీళ్లు చిలకరించి, మరను దగ్గరగా బిగించమని చెప్పి, దగ్గరుండి పట్టించాను. మర అబ్బాయి ఓపికగా మూడుసార్లు రాయి సరిచేసి ఇచ్చాడు. తెల్ల కాగితం మీద పూర్తి గింజలు దాదాపు కనిపించలేదు.

మా ఇంట్లో మున్సిపల్ నీళ్లే, పొలుసు కట్టదు, కనుక నీటిని మార్చలేదు. గంటన్నర మాష్, మధ్యలో నాలుగు సార్లు కలపడం, 6 లీటర్ల చొప్పున రెండు కడుగులు. తొలి తీత సవరించాక 1.079. ఎనిమిది శాతం తేమతో రాగలిగిన గరిష్ఠం 1.082 కాబట్టి మార్పు 96 శాతం. మొత్తం చల్లారాక 21.5 లీటర్లు, సవరించాక 1.055, అంటే 84 శాతం. వార్పు 87. నీళ్లు పాత లెక్కే, మరిగించడానికి పట్టిన సమయమూ ఇంచుమించు పాతదే, పాకం మాత్రం మరో సీసా నిండింది. అనకాపల్లి బెల్లం పెనాల దగ్గర చెరకు రసం చిక్కదనం చూసి పాకం ఎంత దిగుతుందో ముందే చెప్పే పెద్దవారిని చిన్నప్పుడు ఆశ్చర్యంగా చూసేవాడిని. తొలి తీత చూసి నేనూ ఇప్పుడు కొంత చెప్పగలుగుతున్నాను.

ఇంకొక సందేహం. వచ్చేసారి ఒక కిలో బార్లీ మాల్టు తగ్గించి దాని బదులు చోడి పిండి వేద్దామనుకుంటున్నాను. అదే 66 డిగ్రీల దగ్గర వేసేయవచ్చా?

జవాబు (గోపాలపట్నం)

వేయవద్దు బాబాయి గారూ. చోడి పిండి ఉడకడానికి బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి. 66 దగ్గర చాలా భాగం పచ్చిగానే ఉండిపోతుంది, ఉడకని పిండిని ఎంజైము సరిగా పట్టుకోలేదు. కిలో పిండిని విడిగా 5 లీటర్ల నీళ్లలో అంబలిలా పూర్తిగా ఉడికించండి, గరిట ఆపితే అడుగంటుతుంది కనుక దగ్గరే ఉండండి. దానిని 70 దాకా చల్లార్చి, అప్పుడు బార్లీ మాష్‌లో కలపండి. ఆ 5 లీటర్లు మీ 15 లీటర్లలో నుంచే తీసుకోండి, అదనంగా పోయకండి. చోళ్లకు వార్చడానికి పనికివచ్చే పొట్టు ఉండదు కాబట్టి మొదటిసారి కిలో కూడా వేయకుండా అరకిలోతో మొదలుపెట్టి, తొలి తీత ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.